స్నానానికి ముందే చిక్కు: బొచ్చుకుక్కకు జడలు ఎందుకు కడతాయి, నొప్పి లేకుండా ఎలా తీయాలి

క్లుప్తంగా

రాలిన వెంట్రుకలు, రాపిడి, తేమ కలిస్తే బొచ్చుకుక్క ఒంటిమీద జడలు కడతాయి. జడ ఉండగానే స్నానం చేయిస్తే అది ఇంకా బిగుసుకుంటుంది. చిన్న ఉండలను కొసల నుంచి ఓపిగ్గా విప్పవచ్చు. చర్మానికి అంటుకుపోయిన అట్టను లాగకుండా క్లిప్పర్‌తో, అంటే వెంట్రుకలు కత్తిరించే మిషన్‌తో, తీసేయడమే కుక్కకు సుఖం. కత్తెర జోలికి పోకూడదు. గాలిలో తేమ, ఉప్పు బోరు నీళ్ళు, ఈశాన్య రుతుపవనాల ముసురు వల్ల నెల్లూరు, ప్రకాశం తీరంలో ఈ బాధ ఎక్కువ.

ముసురు పట్టిన కార్తీకంలో ఏదో ఒక సాయంత్రం ఇలా బయటపడుతుంది. ఒళ్ళో పడుకున్న షిట్జు జాతి కుక్క చెవి వెనక నిమురుతుంటే వేలికి ఉసిరికాయంత గట్టి ఉండ తగులుతుంది. పైన వెంట్రుకలు నున్నగానే ఉంటాయి, నిన్న దువ్విన గుర్తు కూడా ఉంటుంది. పాయ పక్కకు తీసి చూస్తే అడుగున దూది కుక్కినట్టు ఒక ముద్ద. కాస్త లాగగానే కుక్క తల వెనక్కి తిప్పి చేతిని మూతితో నెట్టేస్తుంది.

నెల్లూరు మాగుంట లేఔట్‌లోనైనా, ఒంగోలు లాయర్‌పేటలోనైనా ఆ క్షణంలో ఇంట్లో వచ్చే సలహాలు మూడే. వేడినీళ్ళతో స్నానం చేయిస్తే మెత్తబడుతుందని ఒకరు, కత్తెరతో కత్తిరిస్తే సరిపోతుందని ఒకరు, మొత్తం గుండు కొట్టించేద్దామని ఇంకొకరు. మొదటి సలహా ఉండను బిగిస్తుంది. రెండోది చర్మాన్ని కోస్తుంది. మూడోది ఆ కుక్క ఏ జాతిదన్న దాన్ని బట్టి మేలో కీడో అవుతుంది.

వెంట్రుకల్లో ఏం జరుగుతుంది

ప్రతి వెంట్రుక మీదా పెంకుటింటి కప్పులాగా సన్నని పొలుసులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. వాటి వాలు కుదురు నుంచి కొస వైపు. పొడవాటి వెంట్రుకను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కుదురు నుంచి కొసకు నిమిరితే జారిపోతుంది. కొస నుంచి కుదురుకు నిమిరితే గరుకు తెలుస్తుంది. పక్కపక్కనే ఉన్న వెంట్రుకలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నప్పుడు ఈ పొలుసులు కొక్కేల్లా తగులుకుంటాయి. ఒకసారి ముందుకు జరిగిన వెంట్రుక వెనక్కి రాదు. కదలిక ఎంత ఎక్కువైతే ముడి అంత బిగుస్తుంది.

తడి తగిలితే వెంట్రుక ఉబ్బుతుంది, పొలుసులు లేస్తాయి, పట్టు పెరుగుతుంది. తర్వాత ఆరేటప్పుడు ముడి మొత్తం ఆ పట్టుతోనే దగ్గరకు ముడుచుకుంటుంది. ఉన్ని స్వెట్టర్‌ను వేడినీళ్ళలో రుద్ది ఉతికితే చిన్నపిల్లల సైజుకు కుంచించుకుపోయేది ఇందుకే. జడ ఉన్న కుక్కకు షాంపూ పెట్టి రుద్దడమంటే ఆ స్వెట్టర్‌కు చేసిన పనే దాని ఒంటిమీద చేయడం. పైగా జడ మధ్యలో షాంపూ ఇరుక్కుంటే ఎన్ని చెంబులు పోసినా పూర్తిగా పోదు. చర్మం మీదే మిగిలి దురద పెడుతుంది.

ఇందులో రాలిన వెంట్రుకల పాత్ర గురించి చాలామందికి తెలియదు. షిట్జు, లాసా ఆప్సో, మాల్టీస్‌లను అమ్మేటప్పుడు 'వీటికి వెంట్రుకలు రాలవు' అని చెబుతుంటారు. రాలతాయి. నేలమీద పడకుండా పక్క వెంట్రుకల్లో చిక్కుకుంటాయి, అంతే. లాబ్రడార్ ఉన్న ఇంట్లో సోఫా మీద కనబడే వెంట్రుకలు షిట్జు ఉన్న ఇంట్లో షిట్జు ఒంటిమీదే ఉండిపోతాయి. దువ్వెన వాటిని బయటకు తీయకపోతే అవే జడకు ముడిసరుకు.

పిల్ల వెంట్రుకలు పోయి పెద్ద వెంట్రుకలు వచ్చే వయసు అన్నిటికన్నా కష్టకాలం. సుమారు 6 నెలలు దాటాక మొదలై ఏడాది దాటేదాకా ఇది సాగుతుంది. మెత్తటి పాత వెంట్రుకలు కొత్తవాటికి చుట్టుకుని, ఉదయం దువ్వితే సాయంత్రానికి మళ్ళీ ఉండలు కడతాయి. కొత్తగా పెంచుకునేవాళ్ళు ఎక్కువగా టెన్షన్ పడేది ఈ నెలల్లోనే. ఆ దశ దాటాక పని చాలావరకు తేలికవుతుంది.

రాపిడి ఉన్నచోటే జడ ఉంటుంది. చెవుల వెనక, ముందుకాళ్ళ చంకల్లో, గజ్జల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో, కాలివేళ్ళ మధ్య. పగలంతా హార్నెస్ వేసి ఉంచే కుక్కలకు రొమ్ము మీద పట్టీ ఆనే గీత వెంబడే జడ కడుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు హార్నెస్ తీసేస్తే చాలు, ఆ బెడద సగం తగ్గుతుంది.

చలిదేశపు వెంట్రుకలు, ఈ నేల జంతువులు

ఈ రెండు జిల్లాల పేరుతో దేశమంతా తెలిసిన జంతువులు రెండు: నెల్లూరు గొర్రె, ఒంగోలు గిత్త. రెండింటికీ పొట్టి వెంట్రుకలే. నెల్లూరు గొర్రెకు ఉన్ని దాదాపు ఉండదు. తెల్లటి పల్ల, కళ్ళ చుట్టూ నల్లమచ్చల జోడిపి, ఎర్రటి దొర, ఏ రకం చూసినా ఒంటికి అంటుకున్న కురచ వెంట్రుకలే కనబడతాయి. ఒంగోలు జాతికి నల్లటి చర్మం మీద తెల్లటి పొట్టి వెంట్రుకలు, వేలాడే గంగడోలు. తరాల తరబడి ఈ ఎండలో బతికిన జంతువులు ఈ రూపానికి వచ్చాయి.

లాసా ఆప్సో పేరులోనే దాని ఊరుంది. టిబెట్‌లోని లాసా సముద్రమట్టానికి సుమారు 3,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి గాలి చల్లన, పొడి. షిట్జు మూలాలు కూడా టిబెట్, చైనాల్లోనే. పొమేరియన్ పేరు ఉత్తర యూరప్‌లో బాల్టిక్ సముద్రపు ఒడ్డున ఉన్న పొమేరేనియా నుంచి వచ్చింది. మన ఊళ్ళలో ఏళ్ళ తరబడి 'పొమేరియన్' అని పిలుస్తున్న తెల్లకుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్. దాని వెంట్రుకల తీరు కూడా అదే కుటుంబానిది. చలిని ఆపడానికి పుట్టిన ఈ దట్టమైన కప్పు నెల్లూరు గాలిలో తేమను పట్టి ఉంచుతుంది. తప్పు కుక్కది కాదు. దాన్ని ఇక్కడికి తెచ్చుకున్నాక ఆ వెంట్రుకల పని మనుషుల మీద పడింది.

తీరం గాలి, బోరు నీళ్ళు, ఉత్తరేణి గింజలు

నెల్లూరు జిల్లాకు ఏటా పడే వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే పడుతుంది. వాయుగుండం పట్టిందంటే మూడు నాలుగు రోజులు దండెం మీద బట్టలు కూడా ఆరవు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు నెల్లూరు, ప్రకాశం తీరాల్లో చూసినవి అలాంటి రోజులే. షిట్జు చంకల్లో, కాలివేళ్ళ మధ్య వెంట్రుకలు కూడా ఆ రోజుల్లో ఆరవు. పై వెంట్రుకలు చేతికి పొడిగా తగిలినా కుదుళ్ళ దగ్గర తడి ఉంటుంది. ఆ తడిలో కుక్క పడుకుని దొర్లితే చాలు.

నీళ్ళది ఇంకో కథ. తీరప్రాంతాల్లో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పన, గట్టివి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. బకెట్ అంచున పేరుకునే తెట్టే వెంట్రుకల మీదా పేరుకుంటుంది. వెంట్రుక గరుకెక్కితే పొలుసుల పట్టు ఇంకా పెరుగుతుంది. స్నానం తర్వాత వెంట్రుకలు చీపురు పుల్లల్లా బిరుసుగా ఉంటే తప్పు షాంపూది అనుకుని ఖరీదైనది కొంటారు. అంతకన్నా, చివరగా ఒక బకెట్ మంచినీళ్ళు పోస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది. మున్సిపల్ కొళాయి నీళ్ళైనా, పట్టి ఉంచిన వాన నీళ్ళైనా సరే. సబ్బు బిళ్ళ బదులు కుక్కల షాంపూ వాడితే ఆ తెట్టు కూడా తగ్గుతుంది.

మనుషుల షాంపూ ఎందుకు పనికిరాదో కూడా తెలిసి ఉండాలి. మన చర్మం కాస్త ఆమ్ల గుణం ఉన్నది, కుక్క చర్మం తటస్థానికి దగ్గర. పైగా కుక్క చర్మం పైపొర మనకన్నా చాలా పలచన. కుంకుడుకాయ సహజమైనదే కదా అని వాడేవాళ్ళున్నారు. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా మండుతుందో ఈ ప్రాంతంలో తలంటు పోసుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. షిట్జు కళ్ళు గుండ్రంగా బయటకు ఉబికి ఉంటాయి, తేలిగ్గా పుండు పడతాయి. కాబట్టి కుంకుడు వద్దు.

ఖాళీ స్థలాల్లో తిప్పి తెచ్చే కుక్కలకు ఉత్తరేణి గింజలు, పల్లేరు కాయలు అంటుకుంటాయి. పంచె అంచుకు ఉత్తరేణి పట్టినట్టే కాళ్ళ వెంట్రుకలకు పడుతుంది. ఒక్క గింజ చాలు, చుట్టూ జడ అల్లుకోవడానికి. మైపాడు, కొత్తపట్నం బీచ్‌లకు తీసుకెళ్ళినప్పుడు ఇసుక, ఉప్పునీళ్ళు కూడా అంతే. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి దువ్వకపోతే మర్నాటికి పొట్టకింద వెంట్రుకలు తాళ్ళలా మారతాయి.

జడ కింద చర్మానికి ఏమవుతుంది

జడను చూసి అందం పోయిందని బాధపడతారు గానీ అసలు బాధ కింద ఉంది. బిగుసుకున్న జడ ప్రతి అడుగుకూ చర్మాన్ని లాగుతుంది. చంకలో జడ ఉన్న కుక్క నడకే మారుతుంది, మెట్లు ఎక్కడానికి వెనకాడుతుంది. గాలి తగలని తడి చర్మం ఎర్రబడి, చీము పట్టి, కొన్ని గంటల్లోనే అరచేతి వెడల్పు పుండు కావచ్చు. వానాకాలంలో తోక కింద మలం అంటిన జడ మీద ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. కాలి చుట్టూ ఉంగరంలా బిగిసిన జడ రక్తప్రసరణను కూడా ఆపగలదు.

పిడుదులకు కూడా జడలు మంచి ఆశ్రయం. మెడమీద వేసే పిడుదుల మందు చర్మానికి తగలాలి. జడమీద పడితే అది అక్కడే ఆగిపోతుంది. మందు వేశాం కదా అన్న ధీమాలో ఇంటివాళ్ళుంటే, లోపల పిడుదులు రక్తం తాగుతుంటాయి. ఎర్లికియా, బబీసియా లాంటి ప్రాణాంతక జ్వరాలు వచ్చేది పిడుదుల వల్లే.

విప్పడం ఎలా

ఈ పనిలో తెలుగిళ్ళకు పాఠం కొత్తగా చెప్పక్కర్లేదు. పొడవాటి జుట్టున్న పిల్లకు చిక్కు తీసే అమ్మ ఏం చేస్తుంది? కుదుళ్ళ దగ్గర ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పైకి వస్తుంది. కుదుళ్ళు పట్టుకోవడం వల్ల లాగిన బలం తలకు తగలదు. కుక్క విషయంలోనూ సూత్రం ఇదే. తేడా ఒకటే: పిల్ల 'అబ్బా' అంటుంది, కుక్క నోటితో చెప్పలేదు.

కుక్క వాకింగ్ అయి, అలసి, నిద్రమత్తులో ఉన్న సమయం మంచిది. జారని చోట, మడిచిన గోనెసంచి మీదో రబ్బరు షీటు మీదో కూర్చోబెట్టాలి. ఒకరు పనిచేస్తుంటే ఇంకొకరు ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసం చిన్న చిన్న పలుకులుగా అందిస్తుంటే పని సాగుతుంది. పది నిమిషాలు దాటనివ్వకూడదు. నాలుగు జడలుంటే రెండు రోజులు పడుతుంది, పట్టనివ్వాలి.

చెవి వెనక ఉసిరికాయంత ఉండ ఒకటి అనుకుందాం. ముందు చుట్టూ ఉన్న మంచి వెంట్రుకలను పక్కకు తీసి క్లిప్పు పెట్టాలి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు చర్మానికి, ఉండకు మధ్య దూర్చి కుదుళ్ళను నొక్కి పట్టుకోవాలి. వేళ్ళు దూరాయంటే ఉండను విప్పవచ్చని అర్థం. దూరకపోతే ఆ జడ చర్మానికి అంటుకుపోయిందని, దువ్వెన అక్కడే పక్కన పెట్టాలని అర్థం. దూరితే, కుక్కల కోసం అమ్మే చిక్కు స్ప్రే కొంచెం కొట్టి రెండు నిమిషాలు ఆగాలి. అది లేకపోతే కార్న్‌ఫ్లోర్ (మెత్తటి మొక్కజొన్న పిండి) చిటికెడు రాసినా వెంట్రుకలు జారతాయి. పిండి వేసేటప్పుడు ముఖం దగ్గర దుమ్ము లేవకుండా చూసుకోవాలి. ముట్టెలు అణిగిన ఈ జాతులకు ఊపిరి అసలే కష్టం.

ఇప్పుడు దువ్వెన వద్దు, వేళ్ళు కావాలి. గట్టిపడిన దూదిని విడదీసినట్టు, ఉండ బయటి అంచు నుంచి నాలుగైదు వెంట్రుకల చొప్పున పక్కలకు లాగాలి. రెండు మూడు నిమిషాల్లో ఒక ఉండ నాలుగు చిన్న ఉండలవుతుంది. అప్పుడు స్టీలు దువ్వెన చివరి పళ్ళతో ఒక్కోదాని కొసను పొడిచి తీయాలి, పొడవుగా ఈడ్చకూడదు. చేతిలోకి ఊడివచ్చే వెంట్రుకలను చూసి కంగారు పడక్కర్లేదు. అవి ఎప్పుడో రాలిపోయి లోపల చిక్కుకున్నవే. చివరగా దువ్వెన కుదురు నుంచి కొస దాకా ఎక్కడా ఆగకుండా వెళితే ఆ జడ పని అయినట్టు.

కొబ్బరినూనె సంగతి. రెండు చుక్కలు వేళ్ళకు రాసుకుని ఉండ విప్పితే సాయం చేస్తుంది. తలకు పట్టించినట్టు పట్టిస్తే దుమ్ము అంటుకుంటుంది, కుక్క నాకుతుంది, కడగడానికి ఇంకో స్నానం కావాలి. టీ ట్రీ ఆయిల్ మాత్రం కుక్కలకు విషం.

కుక్క గుర్రుమనే ముందే చాలాసార్లు చెబుతుంది. మూతి నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం, తల పక్కకు తిప్పుకోవడం, ఒళ్ళు కర్రలా బిగపట్టడం. ఆ గుర్తు కనబడగానే ఆపేస్తే రేపు మళ్ళీ కూర్చుంటుంది. పట్టి ఉంచి పూర్తిచేస్తే ఆ తర్వాత దువ్వెన చూడగానే మంచం కింద దూరుతుంది.

విప్పకూడని జడ

వేలు దూరని అట్టను విప్పడానికి ప్రయత్నించడం ప్రేమ అనిపించవచ్చు. కుక్కకు అది గంటల తరబడి వెంట్రుకలు పీకడమే. వెంట్రుకలు మూడు నాలుగు నెలల్లో తిరిగి వస్తాయి, దువ్వెన మీద భయం అంత త్వరగా పోదు. అందుకే ఇలాంటిచోట తీసేయడమే మేలు. కుక్కల వెంట్రుకలు కత్తిరించే గ్రూమర్లు సాధారణంగా 10వ నంబరు క్లిప్పర్ బ్లేడు వాడతారు. అది చర్మం మీద ఒకటిన్నర మిల్లీమీటరు వెంట్రుక వదిలి, జడ కిందుగా పోతుంది. మగవాళ్ళ గడ్డం ట్రిమ్మర్‌కు ఆ బలం లేదు. వెంట్రుకలు ఇరికి లాగుతుంది, నిమిషాల్లో వేడెక్కుతుంది. అసలు క్లిప్పర్ బ్లేడు కూడా వేడెక్కేదే. మధ్యమధ్యలో ముంజేతికి ఆనించి చూసుకోవాలి.

కత్తెర ఎందుకు వద్దో జడను పైకెత్తి చూస్తే తెలుస్తుంది. జడతోపాటు చర్మం కూడా గుడారంలా పైకి లేస్తుంది. అది జడ అడుగో, చర్మమో కంటికి తేడా కనబడదు. చెవి అంచున, చంకలో చర్మం కాగితమంత పలచన. ఇంట్లో తగిలే కోతలకు ఈ చోట్లు ఎక్కువగా గురవుతాయి.

చెవుల మీద పెద్ద జడలు తీసిన తర్వాత ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండాలి. బరువు తగ్గి, రక్తం ఒక్కసారిగా పారి, చురుకుమనిపించి కుక్క తల గట్టిగా విదిలిస్తుంది. ఆ విదిలింపులో చెవిలోని సన్న నాళాలు చిట్లి రక్తం చేరితే చెవి బూరెలా ఉబ్బుతుంది. అలా ఉబ్బితే డాక్టరుకు చూపించాలి. ఒళ్ళంతా అట్ట కట్టిన కుక్కకు మత్తు ఇచ్చి తీయాల్సి రావచ్చు. అది పశువైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి, మనుషుల నిద్రమాత్రలతో ఎన్నడూ కాదు.

వేసవి గుండు మంచిదేనా

రోహిణి కార్తెలో వడగాలులు మొదలవగానే ఈ ప్రశ్న వస్తుంది. షిట్జు, లాసా, మాల్టీస్‌ల వెంట్రుకలు కత్తిరించిన కొద్దీ పెరుగుతూనే ఉంటాయి. వీటికి అంగుళం, అరంగుళం ఎత్తున కత్తిరించే కటింగ్ ఈ వాతావరణానికి బాగా సరిపోతుంది. జడల బెడద తగ్గుతుంది, పిడుదు కనబడుతుంది. ఏడాది పొడవునా అలాగే ఉంచినా తప్పు లేదు.

పొమేరియన్, స్పిట్జ్‌ల లెక్క వేరు. వాటికి లోపల మెత్తటి పొర, పైన బిరుసు పొర ఉంటాయి. పై పొర కొంత పొడవు రాగానే పెరగడం ఆపి చాలాకాలం అలాగే ఉంటుంది. చర్మందాకా గీసేస్తే తిరిగి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పట్టవచ్చు. కొన్నిటికి పొరలు పొరలుగా, బట్టతల మచ్చలతో వస్తాయి. ఈ జాతులకు లోపలి పొరలో రాలిన వెంట్రుకలు దువ్వి తీయడమే వేసవి సేవ.

ఏ జాతికైనా చర్మం కనబడేలా గీయిస్తే ఎండకు కమిలిపోతుంది. కుక్కకు చెమట పట్టేది అరికాళ్ళలోనే. మిగతా వేడి చాలావరకు నాలుక చాచి వగర్చడంతో పోవాలి. కాబట్టి గుండు కన్నా నీడ, ఫ్యాను, చల్లటి గచ్చు, తాగేనీళ్ళు ఎక్కువ మేలు చేస్తాయి. గ్రూమర్ దగ్గర వేడిగాలి వచ్చే పెట్టెలో పెట్టి ఆరబెట్టే పద్ధతి ఉందేమో అడగాలి. ఉంటే చప్పిడి ముక్కు కుక్కలను అక్కడ వదిలి రావద్దు.

ఎన్నాళ్ళకోసారి

పొడవు జూలు ఉంచితే రోజూ దువ్వాలి. పొట్టి కటింగ్‌కు వారానికి రెండు మూడుసార్లు. పైపైన బ్రష్ కొడితే అడుగున జడ అలాగే ఉంటుంది. పాయ తీసి, చర్మం గీతలా కనబడేలా చేసి, ఆ వరుస దువ్వి, దానిపక్క ఇంకో పాయ తీయాలి. స్నానం మూడు నాలుగు వారాలకోసారి చాలు, అదీ దువ్వాకే. తువ్వాలుతో గుండ్రంగా రుద్దకుండా అద్ది, ఫ్యాను కిందో చల్లగాలి డ్రైయర్‌తోనో దువ్వుతూ కుదుళ్ళ దాకా ఆరబెట్టాలి.

అదే చోట మళ్ళీ మళ్ళీ కడితే

ఇంత చేసినా ఒకే చోట జడ తిరిగి వస్తుంటే దువ్వెనను కాక కుక్కను గమనించాలి. కుడిచెవి వెనకే ఎప్పుడూ కడుతుంటే, ఆ చెవిని వెనకకాలితో గోక్కుంటోందేమో చూడాలి. చెవిలో చీము, దుర్వాసన, గోధుమరంగు గుమిలి ఉంటే అది ఇన్ఫెక్షన్. ముందుపాదాల మీదే కడుతుంటే రాత్రిళ్ళు నాకుతోందేమో చూడాలి. లాలాజలంతో తడిసిన వెంట్రుకలు గోధుమరంగుకు తిరిగి ఉంటాయి, దాని వెనక ఎలర్జీ ఉండవచ్చు. తోక మొదట్లో కడుతుంటే ఒంట్లో దూకే ఫ్లీ పురుగులో, మలద్వారం పక్క గ్రంథులు నిండటమో కారణం కావచ్చు. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు జడ ఏ చోట, ఏ వైపు, ఎన్ని రోజులకోసారి కడుతోందో రాసి తీసుకెళితే, దురద ఎక్కడ మొదలైందో ఆయన వెతకాల్సిన పని సగం తగ్గుతుంది.